గాలమునకు ఉన్ని కుచ్చు – సంచి లేని పది దినములు

మన పాఠశాల ప్రయోగశాలలో పరీక్షనాళికలు కడుగుటకు చిన్న కుంచె యొకటి కలదు. దానిని చూడని విద్యార్థి లేడు. అది యెట్లు చేయబడినదో తెలిసికొనగోరినవాడు అరుదు. రెండు తీగల నడుమ పొట్టి వెండ్రుకలను అడ్డముగా పరచి, ఆ తీగలను కలిపి మెలిపెట్టినచో, వెండ్రుకలు నడుమ బిగిసికొని, రెండు కొనలును నలుదిక్కులకు విచ్చుకొని నిలుచును. అందు జిగురు లేదు, ముడి లేదు; ఉన్నదంతయు పురి యొక్క పట్టే. తీగకు బదులు పట్టుదారమును, గరుకు వెండ్రుకకు బదులు గొఱ్ఱె ఉన్నినో మేక బొచ్చునో ఉంచి, అదే పనిని మిక్కిలి చిన్నదిగా చేసి, చేపలు పట్టు గాలపు కొక్కెమునకు మూడు నాలుగు చుట్లు చుట్టినయెడల, నీటిలో పడిన పురుగు కాళ్లవలె కదలాడు కుచ్చు ఏర్పడును. ఎఱ్ఱ పురుగును గ్రుచ్చక, ఇట్టి కుచ్చుతో చేపను భ్రమింపజేయు సాధనమును పాశ్చాత్యులు గాలపు ఈగ యందురు.

ఈ పనిని మన పిల్లలకు నేర్పవలెననుట నా మొదటి మాట. దానిని నేర్పుటకు తగినవారు ఉపాధ్యాయులము కాము, ఉన్ని వడకు అవ్వలే యనుట రెండవ మాట. మొదటిదానిని విని నవ్వినవారును, రెండవదానిని విని ముఖము ముడుచుకొన్నవారును నాకు తారసపడిరి గావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము, ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేక గడపి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు మొదలగు స్థానిక పనివారియొద్ద పని నేర్చుకొనవలెనని చెప్పినది. మాట మంచిది. ఆచరణ యెట్లున్నది? నేనెరిగిన కొన్ని బడులలో ఆ దినములందు పిల్లలు బజారులో కొన్న థర్మోకోలు పలకలతో తల్లిదండ్రులు రాత్రి మేలుకొని చేసియిచ్చిన నమూనాలను పట్టుకొనివచ్చి, బల్లమీద నిలిపి, ఛాయాచిత్రము తీయించుకొని పోవుచున్నారు. భుజముమీది సంచి దిగినది గాని చేతికి పని దొరకలేదు. పనివారియొద్ద నేర్చుకొనుడనిన మాటలో పనివారే కనబడకపోవుట నాకు వింతగా నున్నది.

ఉన్నితో గాలమును కప్పుట నిన్న మొన్నటి సంగతి గాదు. క్రీస్తు శకము 200 ప్రాంతమున ఏలియన్ అను రోమను గ్రంథకర్త, మాసిదోనియ దేశమున ఒక ఏటియొద్ద జాలరులు కొక్కెమునకు ఎఱ్ఱ ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు దానికి కట్టి, చేపలను మోసగించుటను వర్ణించెను. అపొస్తలుడైన పౌలు తిరిగిన మాసిదోనియయే అది. 1496లో ఇంగ్లండున అచ్చయిన గాలపువేట గ్రంథమొకటి పండ్రెండు రకముల ఈగలను పేర్కొని, వానిలో పెక్కింటికి ఉన్నినే శరీరముగా విధించినది. 1676లో చార్లెస్ కాటన్ అను ఆంగ్లేయుడు తన ఈగలకు కుక్క, పంది, ఎలుగు, ఒంటె వెండ్రుకలను సైతము వాడెను. చేతికి దొరికిన ప్రతి బొచ్చును నీటిలో తడిపి, వెలుతురున కెత్తి రంగు చూచిన మనుష్యుడతడు. ఇక అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు జేమ్స్ లైసెన్రింగ్ 1941లో ప్రకటించిన పుస్తకమున, మైనము పూసిన పట్టుదారపు రెండు పేటల నడుమ బొచ్చునుంచి, తొడమీద అరచేతితో దొర్లించి పేనుటను వివరించెను. తొడమీద పేనుట! మన పల్లెలలో నారతాళ్లు పేనినవారు తరతరములుగా చేసిన పని అదియే గదా. వారెవ్వరును పుస్తకము వ్రాయలేదు.

మన మద్రాసు రాజధానిలో సివిల్ ఉద్యోగియైన హెన్రీ సలివాన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అను గ్రంథమును ప్రకటించి, ఈ దేశపు చేపలను గాలముతో పట్టు విధమును దొరలకు బోధించెను. తరువాత నీలగిరుల చల్లని ఏరులలో ట్రౌటు అను సీమ చేపలను తెచ్చి పెంచిరి. అచ్చట ఈగ గాలము నిలిచినది. మన పెన్నకు రాలేదు. వచ్చుటకు కారణమును లేదు. పెన్నయందు నెలల తరబడి ఇసుకయే గాని నీరుండదు. నీరున్నపుడు వలవేయు బెస్తవారి నేర్పు ముందు ఈ చిన్న ఈగ యెంత? కావున చేపల కూరకై ఈ పని నేర్పుడని నేననను. అట్లనినచో పిల్లలే నవ్వుదురు. అయినను ఇది ఆటవస్తువు మాత్రము కాదు. చిన్న పరిగెలు నీటిపై వాలిన పురుగులను అందుకొనుట మైలవరపు కాలువగట్టున నిలిచి చూడవచ్చును. కొరమీను కదలెడు కప్పపై దుముకునని పల్లెపిల్లలందరెరుగుదురు. నీటిలో ఊపిరి తీయునట్లు ముడుచుకొని విచ్చుకొను బొచ్చు కుచ్చును కూడ అది విడువదు. ఈక బిరుసు, బొచ్చు మెత్తన. నీటి లోపల ప్రాణమున్నట్లు కదలునది బొచ్చే.

ఈకకన్న బొచ్చు మేలనుటకు మరియొక కారణము నాకు ఎక్కువ ఇష్టమైనది. మంచి కుచ్చునకు తగిన మెడ ఈకలకై అమెరికాలో కోళ్లను ప్రత్యేకముగ తరములకొలది పెంచి, ఆ తోళ్లను ఖరీదునకు అమ్ముదురు. బొచ్చునకు ప్రాణితో నిమిత్తము లేదు. గొఱ్ఱెను కత్తిరించినను గొఱ్ఱె బ్రతికియే యుండును. ఇంటి పెంపుడు కుందేలును దువ్వినచో దువ్వెనలో మిగిలినది చాలును. అడవి కుందేటి జోలికి మాత్రము పోరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత దాని వేట నేరము. నెమలి సంగతి చెప్పనక్కరయే లేదు. చట్టము లేకున్నను, ఒక కుచ్చుకొరకు ఒక ప్రాణమా?

ఇక మన ఉన్ని సంగతి. మన జిల్లాలో విస్తారముగ కనబడు నెల్లూరు జాతి గొఱ్ఱెకు ఉన్ని లేదు. రొమ్మునను, మూపునను, వెనుకభాగమునను కొంచెము వెండ్రుకలు తప్ప ఒడలెల్ల నునుపు. కంబళికి పనికివచ్చునది దక్కను నల్ల గొఱ్ఱె. అనంతపురము, బళ్లారి ప్రక్క నుండి ఆ మందలు మేతకై తిరుగును. ఏడాదికి రెండుమార్లు కత్తిరించిన ఆ ఉన్నిని కురుబ స్త్రీలు ఏకి వడకుదురు. పురుషులు గుంటమగ్గముపై నేసి, చింతగింజల గంజి పట్టించి కంబళి చేయుదురు. ఆ కంబళి వానకు గొడుగు, చలికి దుప్పటి, పెండ్లిలో పీట. మరమగ్గపు దుప్పట్లు వచ్చిన పిదప దానిని అడుగువారు తగ్గిరి. మాంసమునకే ధర యుండుటచేత ఉన్ని లేని గొఱ్ఱె పెరిగినది, ఉన్ని గొఱ్ఱె తరిగినది. కత్తిరించిన కూలి కూడ గిట్టక ఉన్నిని పారవేయు కాపరులు కలరు. ఒక వస్తువు విలువ పోవుటతో దానిని చేయు చేతి విలువయు పోవును. ఆ చేయి ఎవరిదో ఆ మనుష్యుని గౌరవమును దానివెంటనే పోవును. నాకు బాధ కలిగించునది ఈ మూడవది.

గాలపు ఈగ కురుబవారి ఉన్నికి సంతను తెచ్చునని నేను చెప్పబోను. ఒక ఈగకు చిటికెడు ఉన్ని చాలును. ఒక గొఱ్ఱె ఉన్ని బడియంతటికి ఏండ్ల తరబడి సరిపోవును. నేను కోరునది సంత కాదు, పీఠము. చెప్పెదను.

పని యెట్లు జరుగునో ముందు చూడుడు. కొక్కెమును చిన్న పట్టుకారులో బిగించి, పట్టుదారమును దానిపై దగ్గర దగ్గరగా చుట్టి పునాది వేయుదురు. తోకవైపు మొదలుపెట్టి సన్నని ఉన్నితో ఒడలు చేసిన పిదప, దారమును మూరెడులో మూడవపాలు పొడవున ఉచ్చువలె మడిచి, దాని పై కొనలను కొక్కెమునకు కట్టుదురు. ఇప్పుడు రెండు పేటలు వ్రేలాడుచుండును. వానికి తేనెమైనము పట్టించవలెను. మైనము లేనిచో బొచ్చు జారును. బొచ్చును దువ్వి, లోపలి మెత్తని నూగును కొంత తీసివేసి, పొడవైన వెండ్రుకలను బట్టలారవేయు క్లిప్పులో వరుసగా పట్టి, మొదళ్లను కత్తెరతో సమముగా కోసి, రెండు పేటల నడుమ అడ్డముగా చొప్పించి క్లిప్పును తీయవలెను. ఈ యదనున ఊపిరి గట్టిగా విడువరాదు; తరగతిలో ఒకడు తుమ్మెనా, పదిమంది పని గాలికి పోవును. అప్పుడు ఉచ్చు అడుగున కదురును తగిలించి త్రిప్పవలెను.

పాశ్చాత్యులు ఈ త్రిప్పుటకు బరువుగల లోహపు సాధనమును అమ్ముదురు. అది కదురే. మన అవ్వలు కదురును తొడమీదనో బొటనవ్రేలు చూపుడు వ్రేలి నడుమనో ఒక్క దెబ్బతో త్రిప్పి వదలునప్పుడు కలుగు సమవేగమును ఆ లోహపు సాధనముతో నాలుగు నెలలు సాధన చేసినవాడు కూడ సాధింపలేడు. పది మెలికల వరకు ఏమియు జరిగినట్లు కనబడదు. తరువాత వెండ్రుకలు ఒక్కొక్కటిగా లేచి నిలువబడును. చూచుచుండగనే చదునైన బొచ్చు గుండ్రని కుంచెగా మారును. ఎచ్చట నిలుపవలెననునదే విద్య. పురి తక్కువైనచో నీటిలో మొదటి విసరుననే బొచ్చు రాలును. ఎక్కువైనచో దారము టప్పున తెగును. ఆ నడిమి స్థానమును పుస్తకము చెప్పజాలదు; దారము వ్రేలికి చెప్పును. వడకినవారి వ్రేలు వినును.

ఇందొక సూక్ష్మము కలదు. దారమునకు ముందే ఒక వైపు పురి యుండును. కుడిపురి దారమును ఎడమకు త్రిప్పినచో పేటలు విడిపోయి బలము తగ్గును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతవారి పిల్లలకు ఈ మాట చెప్పనక్కరలేదు; తెగిన పోగును అతుకుచు పెరిగినవారు వారు. లెక్కల పరీక్షలో వెనుకబడిన అట్టి బాలుడొకడు ఈ పనిలో ముందు నిలిచి, వైద్యుని కుమారునికి పురి దిక్కు చూపుట నాకు పది దినములలో ఒక దినము చూడవలెనని యున్నది.

కుంచెయైన ఉచ్చును తడివ్రేళ్లతో వెనుకకు దువ్వుచు కొక్కెము మెడచుట్టు మూడు నాలుగు చుట్లు త్రిప్పవలెను. ప్రతి చుట్టునకు ముందు వెండ్రుకలను వెనుకకు దువ్వకున్నచో క్రొత్త చుట్టు పాత వెండ్రుకలను అణచివేయును. కుచ్చు బదులు ఉండ మిగులును. పిదప ముడివేసి, సూదితో అణగిన వెండ్రుకలను లేపినచో పని ముగిసినది.

ఇందు పాఠమెక్కడ నున్నదని తల్లిదండ్రులు అడుగుదురు. ఘర్షణ యనునది భౌతికశాస్త్రములో ఒక పేరా. ఇచ్చట అది వ్రేళ్లకు తెలియును. ఎన్ని మెలికలకు ఏ దారము తెగునో లెక్కవ్రాసి పట్టిక గీయుట ఎనిమిదవ తరగతివారికి చక్కని ప్రయోగము. ఏ పురుగును పోలి ఈగను చేయవలెనో తెలియుటకు ముందు పురుగును చూడవలెను గదా. వానలు వెలసి నీరు తేటపడిన పిదప ఏటి రాతిని తిరుగవేసి, దాని యడుగున ప్రాకు మూడు తోకల పిల్లపురుగును ఏ బాలుడు గమనించెనో వాడు జీవశాస్త్రమున ఒక అధ్యాయము చదివినట్లే. అది నీటిలో నెలలు గడపి, రెక్కలు వచ్చిన పిదప ఒకటి రెండు దినములే జీవించు మేఫ్లై అను ఈగ బిడ్డ.

1937లో వార్ధాలో గాంధీగారి యధ్యక్షతన జరిగిన సభ చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని తీర్మానించినది. జాకీర్ హుస్సేనుగారి సంఘము దానికి ప్రణాళిక వ్రాసెను. తకిలి బడికి వచ్చినది. అది నిలువకపోవుటకు పెద్దలు అనేక కారణములు చెప్పుదురు. నాకు తోచినది ఒకటి: పెక్కుచోట్ల బడిలో వడకిన నూలు ఎవరికిని అక్కరలేకపోయెను. అతుకులతో నిండిన నూలును నేతగాడు తీసికొనడు, ఉపాధ్యాయుడు పెట్టెలో దాచును. తప్పు తెలియజెప్పువారు లేని పని కొలది దినములలో మ్రొక్కుబడి యగును. గాలపు ఈగకు ఆ యిబ్బంది లేదు. తొట్టిలో వేసి లాగినచో బొచ్చు రాలెనా లేదా యని చేసినవాడే చూచును. ఇక చేప యందురా, అది మిక్కిలి కఠినమైన పరీక్షాధికారి. ఎవరి కుమారుడని అడుగదు.

ఆ మాట వచ్చినది గనుక, ముఖము ముడుచుకొన్నవారి సంగతి చెప్పెదను. "గొఱ్ఱెబొచ్చు పట్టుటకా మా వానిని బడికి పంపినది?" అని ఒక తండ్రి యడిగెను. "కురుబ ముసలమ్మ వచ్చి మా పిల్లలకు పాఠము చెప్పునా?" అని మరియొకరు. మొదటి ప్రశ్నకు పైన జవాబు చెప్పితిని. రెండవదానిలో నున్నది ప్రశ్న కాదు. గొఱ్ఱె కురుబవానిది, చేప బెస్తవానిది, తోలు మరియొకనిది, పుస్తకము మనది యను పాత పంపకమది. మిషను బడులు ఈ సీమకు వచ్చినప్పుడు అందరి బిడ్డలను ఒక్క బల్లమీద కూర్చుండబెట్టుటయే పెద్ద గొడవ యయ్యెను. ఆ గొడవ విద్యార్థుల బల్ల విషయమున చాలవరకు తీరినది. ఉపాధ్యాయుని కుర్చీ విషయమున ఇంకను తీరలేదు. డిగ్రీ లేనివారు ఆ కుర్చీలో కూర్చుండరాదని మన మనస్సులలో నున్నది. శిక్షణ కళాశాలలో మాకు చేతిపని పేరిట నేర్పినది రంగుకాగితపు పూలు. ఆ పూలు చేయుటకు నాకు అధికారపత్రము కలదు, ఉన్ని వడకుటకు అవ్వకు లేదు. ఇద్దరిలో ఎవరు పనివారో విద్యావిధానము చెప్పనే చెప్పినది.

నిర్గమకాండము ముప్పదియైదవ అధ్యాయమున ప్రత్యక్షగుడారమునకై స్త్రీలు మేకవెండ్రుకలు వడకినట్లున్నది. వారిని జ్ఞానహృదయము గలవారనియే గ్రంథము గౌరవించినది. పౌలు డేరాలు కుట్టినవాడు. చదువుకొన్నవాడు చేతిపని చేయుట మన గ్రంథమునకు క్రొత్త గాదు, మనకే క్రొత్తయైనది. (ప్రసంగవశమున ఒక చిన్న మాట: నాలుగు సువార్తలలో చేపలవేట పలుమార్లు వచ్చినను గాలము వచ్చునది ఒక్కసారియే, మత్తయి పదునేడవ అధ్యాయమున. తక్కినచోట్ల వలలే. బెస్తవారు దీనిని విని సంతోషింపవచ్చును.)

కావున నా కోరిక యిది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములలో ఉన్ని వడకుట ఎరిగిన అవ్వలను బడికి పిలువవలెను. చాపమీద గాక కుర్చీలో కూర్చుండబెట్టవలెను. కదురు త్రిప్పుటకు చాపయే అనుకూలమని ఆమె యనినచో ఉపాధ్యాయులమును చాపమీదనే కూర్చుండవలెను. రాకపోకల ఖర్చును, దినమునకు అతిథి ఉపాధ్యాయునికి ఇచ్చునంత సొమ్మును ఇవ్వవలెను. శాలువా కప్పి పంపుట చాలదు. కంబళి నేసిన ఇంటివారికి మిలుమిల్లు శాలువా కప్పుట నాకు పరిహాసముగ తోచును. పిల్లలు ఆమెను పేరుపెట్టి పిలువక "అవ్వా" యని పిలువవలెను, ఉపాధ్యాయునికి లేచి నిలుచునట్లు ఆమెకును లేవవలెను. ఈగ కట్టుట ఆమెకు తెలియదు. దానిని మేము చూపుదుము. పురి ఆమె చూపును.

ఒక హెచ్చరిక లేకయే ఈ మాటలు ముగింపరాదు. కొక్కెములు పదునైనవి, తరగతిలో ముల్లు విరిచిన కొక్కెములనే వాడవలెను, లెక్కపెట్టి యిచ్చి లెక్కపెట్టి తీసికొనవలెను. గాలము చేతికి వచ్చినదని గండికోట జలాశయమునకో చిత్రావతి జలాశయమునకో పిల్లలు ఒంటరిగా పోరాదు. లోతు తెలియని నీరు, నునుపైన రాయి, ఈత రాని బాలుడు – ఈ మూడును కలిసినచోట జరుగునది మన జిల్లా తల్లులకు చెప్పనక్కరలేదు. పైగా జలాశయములలో చేపలు పట్టుటకు మత్స్యశాఖ యనుమతి వలయును. అది బెస్తవారి జీవనము. ఈగను పరీక్షించుటకు బడి నీళ్లతొట్టి చాలును.

ఖర్చు స్వల్పమే. పట్టుకారులను మన వడ్రంగి చెక్కతో చేయగలడు. పట్టుదారము, తేనెమైనము, సూదులు బజారులో దొరకును. కొక్కెములను బెస్తవారు కొను అంగడిలోనే కొనవచ్చును. ఉన్ని తెచ్చు పిల్లలు కత్తిరించినదానిని అట్లే తేక, కుంకుడురసముతో రెండుమార్లు కడిగి, నీడను ఆరవేసి, పల్లేరుకాయలు ఏరివేసి తేవలెను. నల్లనిది, గోధుమవన్నెది, తెల్లనిది వేరువేరు సంచులలో నుండవలెను.